తాబేలు ఊపిరి తీసుకోనివ్వండి!

మాస్కు బిగించి, లైఫ్ జాకెట్‌తో నీళ్లలో బోర్లా తేలగానే మొదట వినిపించేది మన ఊపిరి చప్పుడే. కంగారొద్దు. నోటితో మెల్లగా గాలి పీల్చడం అలవాటైతే చాలు... కింద ఇంకో ఊరు కనిపిస్తుంది. గుండ్రటి బండల్లా, జింక కొమ్ముల్లా పగడాలు. వాటి సందుల్లో రంగురంగుల చేపలు. కాస్త అవతల, సముద్రపు గడ్డి మేస్తూ ఓ పెద్ద తాబేలు!

ఇది లక్షద్వీప్‌లోని అగత్తి. కొచ్చి నుంచి విమానంలో సుమారు గంటన్నర. ముందుగా పర్మిట్ తీసుకోవడం తప్పనిసరి.

పేరు పచ్చ, డిప్ప గోధుమ

ఇక్కడ కనిపించేది పచ్చ తాబేలు. డిప్ప చూస్తే గోధుమ రంగే. లోపలి కొవ్వు పచ్చగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పెద్దయ్యాక వంద కిలోలు దాటినా తిండి మాత్రం దాదాపు శాకాహారమే. పులి, ఏనుగుల్లాగే ఇదీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది.

ఒకప్పుడు ఇక్కడివాళ్లు పడవలకు పూయడానికి దీని నూనె వాడేవారు. వేట ఆగాక తాబేళ్లు బాగా పెరిగాయి. మనకది సంబరం. జాలర్లకు మాత్రం తలనొప్పి. గడ్డి అంతా మేసేస్తే, అందులో పెరిగే చేపపిల్లలకు చోటేది? వలలు కూడా చిరుగుతాయి. వాళ్ల బాధా అబద్ధం కాదు. ఒక జీవిని కాపాడితే అంతటితో కథ అయిపోదన్నమాట.

పగడాలకు జ్వరం

పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే నాచే రంగూ ఇస్తుంది, తిండీ పెడుతుంది. నీళ్లు వేడెక్కితే నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడుతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో ఇదే జరిగింది. 2024లో మళ్లీ! గుండ్రటి పగడాలు ఏడాదికి పెరిగేది సుమారు ఒక్క సెంటీమీటరే. సెల్ఫీ కోసం కాలు మోపితే విరిగేది ఎన్నేళ్ల కష్టమో లెక్కేసుకోండి.

వెంటపడొద్దు

తాబేలుకు మొప్పలుండవు. మనలాగే ఊపిరి కోసం పైకి రావాల్సిందే. చుట్టూ మనం మూగితే భయపడి, గాలి అందకుండానే మళ్లీ మునిగిపోతుంది. అందుకే దారికి అడ్డం రాకండి, ముట్టుకోకండి, దూరంగా తేలుతూ ఆగండి. అదృష్టం బాగుంటే అదే మీ పక్కన తల పైకెత్తి, గాలి పీల్చి, తాపీగా వెళ్లిపోతుంది. ఆ క్షణం కోసం ఎంతసేపైనా ఎదురుచూడొచ్చు.

అన్నట్టు, అగత్తిదాకా వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. చలికాలం చివర్లో విశాఖ, శ్రీకాకుళం తీరాలకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేలు వీటి చుట్టాలే. ఈసారి బీచ్‌కెళ్తే ప్లాస్టిక్ కవర్ ఇసుకలో వదలకండి. నీళ్లలో తేలే కవర్‌ను జెల్లీఫిష్ అనుకుని మింగేస్తాయవి!