లక్ష్మా గౌడ్ మేకలు

చిత్రకారుడు, శిల్పి కె. లక్ష్మా గౌడ్ పేరు చెప్పగానే కళాభిమానులకు గుర్తొచ్చేది మేక. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన హైదరాబాద్‌లోనూ, ఆపై బరోడాలోనూ చదువుకున్నారు. మొదట పేరు తెచ్చినవి ఎచింగులనే ముద్రణ చిత్రాలు; మట్టి బొమ్మలు, కంచు శిల్పాలు తర్వాత వచ్చాయి. చిన్ననాడు పల్లెలో చూసిన తోలుబొమ్మలు, కుమ్మరి పనితనం వాటిలో కొత్త రూపం దాల్చాయి. ఆయన మేక సాధుజంతువేమీ కాదు. పల్లె మనుషుల మధ్య అది కోరికకు, జీవశక్తికి ప్రతీక. నగరపు నాజూకుతనానికి ఈ మేక మొరటుగా తోచవచ్చు, దాని బలమూ అదే.

ఇలాంటి మేకను మట్టితో చేయాలంటే లోపల బోలుగా మలచాలి. దళసరి మట్టిలో తడి మిగిలితే బట్టీలో పగులుతుంది. లక్ష్మా గౌడ్‌కు 2016లో పద్మశ్రీ లభించింది.