మీకు తెలుసా? కారులో ఫ్యూజు కాపలా కాసేది వైరుకే!

విజయవాడ ఆటోనగర్‌లో అయితే కారు ఎలక్ట్రీషియన్‌కి అప్పగించి టీ తాగొచ్చేలోపు డ్యాష్‌క్యామ్ (దారిని వీడియో తీసే కెమెరా) బిగించేస్తాడు. అరిజోనాలోని చాండ్లర్‌లో కూలి ఎక్కువ. అందుకే ఇంటెల్, మైక్రోచిప్ లాంటి చిప్ కంపెనీల ఊళ్లో ఉంటున్న మనవాళ్లు కొందరు శనివారం పూట గరాజ్‌లో తామే పనికి దిగుతారు. దిగేముందు ఈ సంగతులు చూడండి.

● ఫ్యూజు ఉన్నది కెమెరాని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు ఒరుసుకుపోయి బాడీ ఇనుముకి తగిలితే బ్యాటరీ నుంచి వందల ఆంప్స్ ఒక్కసారిగా దూకుతాయి. సన్నటి వైరు క్షణాల్లో ఎర్రగా కాలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని అంటిస్తుంది. ఆ వైరు కాలకముందే తాను కాలిపోవడమే ఫ్యూజు పని.

● కాబట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగితే ఫ్యూజుని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, జానెడు దూరంలో పెట్టాలి. అవతలి చివర కెమెరా పక్కన పెడితే మధ్యలో ఉన్న వైరంతా కాపలా లేకుండా మిగిలిపోతుంది.

● ఇప్పుడు కార్లలో కనిపించే చిన్న ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజుని లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ 1976లో తెచ్చింది. అంతకుముందు చాలా కార్లలో గాజు గొట్టం ఫ్యూజులుండేవి. బ్లేడు ఫ్యూజు రంగు చూస్తే ఆంప్స్ తెలిసిపోతాయి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

● మాటిమాటికీ ఫ్యూజు పోతోందని 10 తీసి 20 పెట్టడమంటే, ఒకప్పుడు ఇంట్లో ఫ్యూజు క్యారియర్‌కి లావు రాగితీగ చుట్టినట్టే. లైటు వెలుగుతుంది, ప్రమాదం గోడలో దాక్కుంటుంది. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో కారణం ఉంది. ముందు దాన్ని వెతకాలి.

● ఏ ఫ్యూజు వేయాలో తేల్చే లెక్క సులువు: వాట్లని 12తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 10 వాట్ల డ్యాష్‌క్యామ్‌కి ఒక ఆంప్ కూడా అక్కర్లేదు, కాబట్టి 2 లేదా 3 ఆంప్స్ ఫ్యూజు చాలు. అదే 120 వాట్ల టైరు పంపు 10 ఆంప్స్ లాగుతుంది. వైరు విషయంలో అమెరికా గేజి లెక్క తిరగేసి ఉంటుంది: అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 18 గేజి అంటే మన లెక్కలో సుమారు 0.8 చదరపు మిల్లీమీటర్లు. దానికి 10 ఆంప్స్ మించిన ఫ్యూజు వేయకపోవడమే మేలు.

● ఫ్యూజు బాక్సులోంచి కరెంటు తీసుకోవడానికి 'ఫ్యూజు ట్యాప్' దొరుకుతుంది. దాంట్లో రెండు గూళ్లు: ఒకదాంట్లో కారు పాత ఫ్యూజు, రెండోదాంట్లో కొత్త పరికరం ఫ్యూజు. దాన్ని ఏ వైపు తిప్పి గుచ్చామన్నది కూడా ముఖ్యమే. తిరగేసి పెట్టినా కెమెరా వెలుగుతుంది గానీ, దాని కరెంటు కూడా పాత ఫ్యూజు మీదుగానే వెళ్తుంది. పాత ఫ్యూజు తీసేశాక టెస్ట్ ల్యాంప్ ఏ గాడి దగ్గర వెలిగితే అదే కరెంటు వచ్చే వైపు. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉండే కాలు అటు రావాలి.

● ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి మాత్రం పోవద్దు. సిగరెట్ లైటర్ సాకెట్, సీటు హీటర్ లాంటివి ఎంచుకోండి. ముందు అద్దం పక్కనున్న పిల్లర్ లోపల చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. కెమెరా వైరు దానికి అడ్డంగా కాకుండా వెనకగా వెళ్లాలి.

● ఎండలో నిలిపిన కారు ఎంత వేడెక్కుతుందో చాండ్లర్ పక్కనే ఉన్న టెంపీలో కొలిచారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పాలుపంచుకున్న ఆ అధ్యయనం 2018లో వచ్చింది. వేసవిలో గంటసేపు ఎండలో ఉన్న కార్ల డ్యాష్‌బోర్డు సగటున 157 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 69 సెల్సియస్‌కి చేరింది. నీడలో 118 దగ్గరే ఆగింది. ఇలాంటి ఊళ్లో, వేడి పడని లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా కంటే సూపర్‌కెపాసిటర్ ఉన్నది నయం. పైగా ఫ్యూజు మీద రాసిన అంకె దాదాపు 25 సెల్సియస్ దగ్గర లెక్క. వేడి పెరిగితే అది కాస్త ముందే పోతుంది.

● నిలిపిన కారుని కాపలా కాసే పార్కింగ్ మోడ్‌లో కెమెరా 0.3 ఆంప్స్ లాగుతోందనుకోండి. రోజుకి 7.2 ఆంపియర్-అవర్లు. 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. సంక్రాంతికి ఇండియా వెళ్లి మూడు వారాలకి వచ్చేవాళ్ల కారు స్టార్టవదు. అందుకే వోల్టేజీ పడిపోతే తానే ఆగిపోయే వైరింగ్ కిట్ కొనాలి, దాన్ని 12.2 వోల్టుల దగ్గర పెట్టుకోవాలి. నిండు బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఊరెళ్లేముందు కెమెరా ఫ్యూజు తీసేస్తే అసలు గొడవే లేదు.

● టెస్లా మోడల్ 3లో చాలా సర్క్యూట్లకి మామూలు ఫ్యూజులు ఉండవు, ఎలక్ట్రానిక్ ఫ్యూజులే. ఫ్యూజు ట్యాప్ గుచ్చే చోటే దొరకదు కాబట్టి, కంపెనీ ఇచ్చిన సాకెట్లు వాడుకోవడమే దారి.

● బయటి పరికరం పెట్టినంత మాత్రాన కారు వారంటీ మొత్తం రద్దు కాదు. ఆ పరికరం వల్లే చెడిందని కంపెనీ చూపించాలి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఇచ్చే రక్షణ ఇది. అయితే మీ వైరు వల్ల కాలినదానికి మాత్రం ఖర్చు మీదే.

● అంతా అయ్యాక అరగంట కారు నడిపి ఫ్యూజు హోల్డరుని, అతుకులని వేలితో తాకి చూడండి. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ అతుకు వదులైనట్టో, వైరు సన్నదైనట్టో. చాండ్లర్‌లో మాత్రం ఈ పరీక్ష పొద్దున్నే పెట్టుకోండి. జూలై మధ్యాహ్నం కారులో చేయి పెట్టిన ప్రతిచోటా చురుక్కుమంటుంది!