దేవుడు మారిన గుడులు

బడిపిల్లలకు రోము చరిత్ర చెప్పుటకై మావారు తెచ్చిన గ్రంథములను మేమును చదువుచుందుము. అందు పాంథియను దేవాలయపు వృత్తాంతము మమ్మెక్కువగా ఆకర్షించినది. హాడ్రియను చక్రవర్తి రెండవ శతాబ్దమున కట్టించిన యా గుండ్రని గుడిలో, క్రైస్తవము రాజ్యమతమైన పిదప, ప్రాచీన దేవతల పూజ లుడిగెను. 609వ సంవత్సరమున ఫోకాసు చక్రవర్తి దానిని నాలుగవ బొనిఫేసు పోపున కొసగగా, ఆయన మేరిమాతకును, మతమునకై ప్రాణము లర్పించినవారికిని అంకితము చేసెను. నేటికిని అచ్చట ప్రార్థనలు జరుగుచున్నవి. ఆ నగరమునందలి యితర దేవాలయముల చలువరాళ్లు పెక్కులు సున్నపు బట్టీల పాలయ్యెను, ఇది నిలిచినది.

అంతకు పూర్వమే, 601లో, గ్రెగరీ పోపు ఇంగ్లండునందలి బోధకులకు లేఖ వ్రాసెను. విగ్రహములను తొలగింపుడు గాని గుడులను కూల్చకుడు, పవిత్రజలము చల్లి వాడుకొనుడు, జనులు అలవాటైన చోటికే వత్తురని దాని సారాంశము. ఎంతటి వంటయింటి యుక్తి! తెలివిగల కోడలు అత్తగారి పొయ్యిని పగులగొట్టదు గదా. అయితే అందరును ఇట్లు చేయలేదు. 391 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో సెరాపిసు దేవాలయమును నేలమట్టము గావించిరి.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసివేయ వలదు. పల్నాటి చేజెర్లలో కపోతేశ్వరాలయమున్నది. వెనుకభాగము ఏనుగు వీపువలె గుండ్రన. కప్పు గూడుబండి కప్పువలె వంపు. బౌద్ధుల చైత్యగృహమే శివాలయమైనదని పురాతత్త్వజ్ఞులు పెక్కురు చెప్పుదురు, కాదనువారును కలరు. పావురమును కాపాడుటకై తన మాంసమును కోసియిచ్చిన శిబి చక్రవర్తి కథయే అచ్చటి స్థలపురాణము. భారతము చదివిన సోదరీమణు లెఱిగినదే. బౌద్ధులును శిబిని కొనియాడిరి. కావున గుడిలో ఎవరున్నను ఆ కథ పరాయిది కాలేదని మా తలంపు.

చేజెర్లలో దీపము పెట్టు నిల్లాలికి బుద్ధుడు స్మరణకు రాడు. రోములో క్రొవ్వొత్తి వెలిగించు నామెకు జూపిటరు రాడు. పూర్వభక్తుల పేరు మాసిపోవుట మాకు కష్టముగనే తోచును. కాని మా పడమటి సీమవారు చందవరము కూడ చూడవలెను. దొనకొండ దాపున, గుండ్లకమ్మ యొడ్డునగల కొండమీది మహాస్తూపమది. పూజ లుడిగి, మన్నుగప్పి, 1964లో పురాతత్త్వజ్ఞులు గుర్తించువఱకు మఱుగున పడియుండెను. మేము పోయినపుడు వెంట వచ్చిన ముదుసలి యొకతె ఆ యిటుకలకు ముందుగా మ్రొక్కి, పిదప “ఏ దేవుడమ్మా?” యని యడిగెను.