చేతిలో కర్ర, కాలిలో తాళం

పాఠశాల బ్యాండులో అందరికంటే ముందు నడిచే విద్యార్థి చేతిలో ఏ వాద్యమూ ఉండదు. ఉండేది ఒక పొడవాటి కర్ర. పైన గుండ్రటి లోహపు గుబ్బ, ఒంటికి చుట్టిన రంగుతాడు, కింద సన్నటి మొన. దాని అసలు పేరు మేస్. పిల్లల నోట అది కర్రే. పట్టుకున్నవారిని బడిని బట్టి బ్యాండ్ లీడర్ అనో, బ్యాండ్ మేజర్ అనో, డ్రమ్ మేజర్ అనో పిలుస్తారు. వెనక పాతిక ముప్పై మంది డ్రమ్ములు, బ్యూగిళ్ళు, ఫ్లూట్లు, తాళాలు మోగిస్తుంటే, తాను ఒక్క స్వరమూ పలికించకుండా వాళ్ళందరి లయకూ పూచీ పడే పని ఇది. ఆగస్టు 15న ఒక పావుగంట, జనవరి 26న ఒక పావుగంట జనానికి కనిపిస్తుంది. మిగతా పని అంతా ఎవరూ చూడని ఉదయాల్లో జరుగుతుంది.

నడిచే వాద్యం రాయలసీమకు కొత్త కాదు. పీర్ల ముందు తప్పెట, జాతరలో డోలూ కొమ్మూ ఎప్పటినుంచో ఉన్నవే. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసుకైనా, కర్నూలులో కేసీ కెనాల్ ఒడ్డున వినాయక ఘాట్‌కు సాగే నిమజ్జనానికైనా మేళం లేనిదే ఊరేగింపుకు నిండుదనం రాదు. వరసలు కట్టి అందరూ ఒకే కాలు వేసే బ్యాండు మాత్రం దండుతో వచ్చిన విద్య. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కర్నూలు 1839లో నవాబు చేతినుంచి కంపెనీ చేతికి పోయింది. దండు దిగినచోట డ్రమ్మూ బూరా ఉంటాయి. ‘బ్యాండు మేళం’ అన్న మాటలో ముందు సగం కంటోన్మెంటుది, వెనక సగం ఊరిది. పెళ్ళి బ్యాండు వాళ్ళ భుజాల మీది కుచ్చులు, ఛాతీ మీది జరీ తాళ్ళు కూడా ఆ దండు ఉడుపుల పోలికే. అయితే ఊరి మేళగాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ, జనం ఆగితే ఆగుతూ, ఎగిరితే వేగం పెంచుతూ పోతారు. అక్కడ లయ జనాన్ని బట్టి నడుస్తుంది. కవాతులో జనం లయను బట్టి నడవాలి. లీడరు అవసరం అక్కడే పుట్టింది.

బడిలో బ్యాండు సాధారణంగా పీఈటీ చేతికింద ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచాక డ్రమ్ములు స్టోరు గదినుంచి బయటికొస్తాయి; జులైలో ప్రేయర్‌కు ముందు ప్రాక్టీసు మొదలవుతుంది. లీడరును ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోంచే ఎక్కువగా ఎంచుతారు. పదో తరగతి పిల్లలకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు. డిసెంబరు వచ్చేసరికి వాళ్ళు స్పెషల్ క్లాసుల్లో మునిగిపోతారు, గణతంత్ర దినోత్సవానికి దొరకరు. కస్తూర్బా బాలికా విద్యాలయాలు, గురుకులాలు లాంటి హాస్టల్ బడులకు తెల్లవారుజామున గంటసేపు దొరకడం పెద్ద వసతి. అపార్టుమెంటు లాంటి మేడలో నడిచే ప్రైవేటు బడికి ఆ వసతి లేదు. నాలుగు వరసలు తిరగడానికి చోటు లేనిచోట బ్యాండు నిలబడి వాయించే ముచ్చటగానే మిగిలిపోతుంది.

మరో దారి ఎన్‌సీసీ. 1948లో మొదలైన ఈ సంస్థ జూనియర్ డివిజన్‌లో హైస్కూలు పిల్లలను చేర్చుకుంటుంది. ఇక్కడ ఆజ్ఞలన్నీ హిందీలో ఉంటాయి: సావధాన్, విశ్రామ్, కదమ్ తాల్, తేజ్ చల్, థమ్. ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడే ఆలూరు పిల్లకైనా, ఉర్దూ మాట్లాడే కడప పిల్లవాడికైనా మైదానంలో అవే మాటలు. సైనిక్ స్కూళ్ళు 1961లో మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది 1962లో విజయనగరం దగ్గర కోరుకొండలో, రెండోది 2014లో రాయలసీమలోని కలికిరిలో వచ్చింది. అలాంటి బడుల్లో కవాతు దినచర్యలో భాగమే కాబట్టి లీడరు తయారవడానికి ఏళ్ళు దొరుకుతాయి. మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్లో దొరికేది ఆరు వారాలు. గణతంత్ర వేడుకల సందర్భంగా కేంద్ర విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి పాఠశాల బ్యాండ్ల పోటీలు నడుపుతున్నాయి. రాష్ట్రం, జోన్ దాటి ఢిల్లీ దాకా వెళ్ళే ఈ పోటీల్లో బాలురకూ బాలికలకూ వేరువేరుగా బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు విభాగాలు ఉంటాయి.

కర్నూలు, కడప పిల్లలకు చూసి నేర్చుకునే అవకాశం ఒకటుంది. రాష్ట్ర ప్రత్యేక పోలీసు దళం (ఏపీఎస్పీ) రెండో పటాలం కర్నూలులో, పదకొండోది కడప దగ్గర భాకరాపేటలో ఉన్నాయి. రాష్ట్ర విభజన తరువాత తొలి స్వాతంత్ర్య దినోత్సవ రాష్ట్ర వేడుక, 2014 ఆగస్టు 15న, కర్నూలు పటాలం మైదానంలోనే జరిగింది. పోలీసు బ్యాండు ముందు నడిచే మేజర్‌ను ఒక్కసారి దగ్గరినుంచి చూసిన పిల్లలు మొదట కర్ర తిప్పడం అనుకరిస్తారు. నిజంగా గమనించాల్సింది అతని మడమలను. కర్ర ఎంత ఎగిరినా అడుగు మారదు.

ఎంపికలో పొడుగు పిల్లలకే మొగ్గు ఉంటుంది. అందులో కొంత న్యాయం ఉంది: చివరి వరసలో పెద్ద డ్రమ్ము వెనక ఉన్నవాళ్ళకు కూడా కర్ర కనపడాలి. కానీ పొడుగును చూసి నిలబెట్టి, తరువాత లయ నేర్పించబోయి తలపట్టుకున్న డ్రిల్ మాస్టర్లకు కొదవ లేదు. కర్ర పొడవు ఎత్తు లోపాన్ని పూడుస్తుంది, లయ లోపాన్ని పూడ్చదు. చదువులో ఫస్టు రావడమో, స్కూల్ లీడరుగా ఎన్నికవడమో కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. బాగా పనికొచ్చేవారు తరచు సైడ్ డ్రమ్ము వరసలోంచి వస్తారు. ఒక ఏడాది వాయించినవారికి ఎవరు ఎక్కడ తడబడతారో తెలుసు. మంచి పరీక్ష ఒకటి ఉంది: డ్రమ్ములు ఆపి, ఆ విద్యార్థిని ఒంటరిగా నిమిషంపాటు నడిపించి అడుగులు లెక్కపెట్టడం. మూడుసార్లు నడిస్తే మూడుసార్లూ దాదాపు ఒకే లెక్క రావాలి.

ఆ లెక్క మామూలుగా నిమిషానికి 120. అంటే సెకనుకు రెండు అడుగులు. కర్ణాటక సంగీతంలో తాళపు గతిని ‘నడక’ అంటారు. కవాతులో ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమకాలి మీద పడుతుంది. పాట చతురశ్రంలో సాగినా, తిశ్రంలో ఊగినా ఆ దెబ్బ చోటు మారదు. అయితే పిల్లలకు చెవి చాలదా, ముందు ఒక కర్ర ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలో ఉంది. వెచ్చటి గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. బ్యాండుకు 35 మీటర్ల వెనక నడిచే జట్టుకు డ్రమ్ము దెబ్బ సెకనులో పదో వంతు ఆలస్యంగా అందుతుంది. అడుగుకు అర సెకను కాబట్టి, అది అడుగులో ఐదో వంతు. 90 మీటర్ల వెనక ఉన్న జట్టుకు ఆలస్యం సగం అడుగు దాకా పెరుగుతుంది. ముందువాళ్ళ కాలు నేలమీద పడేసరికి వెనకవాళ్ళ కాలు గాలిలో ఉంటుంది. వేదిక మీది పెద్దలు ‘ఆ బడి పిల్లలు అడుగు తప్పారు’ అనుకుంటారు. పాపం, వాళ్ళు విన్నదానికి సరిగానే నడుస్తున్నారు. చూపుకు ఈ ఆలస్యం లేదు. బ్యాండు కర్రను చూస్తుంది, వెనక జట్టు తన ముందు జట్టు కాళ్ళను చూస్తుంది.

లీడరు చేసే లెక్కలు మరికొన్ని ఉన్నాయి. సైనికుడి అడుగు 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు. ఆ అడుగుతో 200 మీటర్ల ట్రాక్ చుట్టి రావడానికి 263 అడుగులు, రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆరో తరగతి పిల్లలు వెనక ఉంటే అడుగు 60 సెంటీమీటర్లకు కుదించాలి. అప్పుడు 333 అడుగులు. పాట ఒక చుట్టుకు 64 అడుగులనుకుంటే, మొదటి లెక్కలో నాలుగు చుట్లు, రెండో లెక్కలో ఐదు చుట్లు దాటాలి. ఈ లెక్క ముందే చేసుకోని లీడరు గౌరవ వందన వేదిక ఎదుట పాట అయిపోయి, ఒట్టి డ్రమ్ములతో దాటాల్సి వస్తుంది.

మూల తిరగడం మరీ కష్టం. నలుగురి వరసలో లోపలివాడు మీటరు దూరంలో, బయటివాడు నాలుగు మీటర్ల దూరంలో ఒకే బిందువు చుట్టూ తిరుగుతారు. ఎనిమిది అడుగుల్లో మలుపు పూర్తి కావాలంటే బయటివాడు 78 సెంటీమీటర్ల అడుగు వేయాలి, లోపలివాడు 20 సెంటీమీటర్లదే. అంటే ఒకడు అంగలు వేస్తుంటే పక్కవాడు దాదాపు ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తుంటాడు, లయ ఇద్దరికీ ఒక్కటే. దీన్ని నేర్పడానికి బండలు పరిచిన వరండా మంచి చోటు. కడప, బేతంచెర్ల రాళ్ళ అతుకులే గీతలుగా పనికొస్తాయి. ఎవరి పాదం ఎక్కడ పడిందో వాదన అక్కర్లేదు.

గొంతు గురించి చెప్పుకోవాలి. ఆజ్ఞలో రెండు భాగాలు: సాగదీసి చెప్పే హెచ్చరిక, కత్తిరించినట్టు పలికే ముగింపు. ‘తేజ్’ సాగుతుంది, ‘చల్’ తెగుతుంది. ఆ రెండింటి మధ్య ఎడం ప్రతిసారీ సమానంగా ఉంటేనే ముప్పై కాళ్ళు కలిసి లేస్తాయి. పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లల గొంతు పగిలే వయసు కూడా అదే. ఆజ్ఞ మధ్యలో కీచుమంటే వరసంతా నవ్వుతుంది. గొంతు చించుకోకుండా పొట్టలోంచి ఊపిరి తీసి పలకడం నేర్పితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. బ్యాండు మోగుతున్నప్పుడు ఏ గొంతూ వినపడదు కాబట్టి, అప్పటి మాటలన్నీ కర్రవే. పైకెత్తి నిలిపితే సిద్ధపడమని, ఒక్కసారిగా దించితే ఆపమని. ఇలాంటి సంజ్ఞలు బడిని బట్టి కొంత మారతాయి. మారకూడనిది వాటి మధ్య వ్యవధి. కర్రను గాలిలోకి ఎగరేసి పట్టుకోవడం అన్నిటికంటే చివర నేర్వాల్సిన విద్య. పిల్లలు అన్నిటికంటే ముందు నేర్వాలనుకునేదీ అదే.

ఎండ ఈ సీమలో ప్రతి లెక్కలోకీ వస్తుంది. తోలు తప్పెట చెమ్మకు వదులవుతుంది, అందుకే దాన్ని మంట దగ్గర కాచి బిగిస్తారు. బడి డ్రమ్ములకు ఇప్పుడు ప్లాస్టిక్ పొరలు రావడంతో ఆ బెడద పోయింది. బ్యూగిల్ మాత్రం వేడెక్కేకొద్దీ శ్రుతి పెంచుకుంటుంది. జనవరి చలిలో ఏడుగంటలకు కలిసిన శ్రుతి పదిగంటల ఎండకు అలాగే ఉండదు. మనుషుల సంగతీ అంతే. ఉపన్యాసాలు సాగుతుంటే మోకాళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడిన పిల్లలు కళ్ళుతిరిగి పడిపోతారు. రక్తం కాళ్ళలోనే నిలిచి మెదడుకు తగ్గడమే కారణం. బూట్ల లోపల కాలివేళ్ళు ఆడించడం, మోకాళ్ళు కాస్త సడలించడం, పొద్దున జావో ఉగ్గానో తిని రావడం మంచి లీడరు తనవాళ్ళకు ముందే చెప్పి పెట్టే జాగ్రత్తలు.

పశ్చిమ కర్నూలు బడుల్లో మరో చిక్కుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు వానలు మొహం చాటేస్తే కుటుంబాలు సుగ్గికి పోతాయి. పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు బయల్దేరుతాయి. తల్లిదండ్రులతో పిల్లలూ పోతారు. ఆగస్టులో వాయించిన చెయ్యి జనవరిలో ఉండకపోవచ్చు. అలాంటి బడిలో ప్రతి డ్రమ్ముకూ ఇద్దరిని తయారుచేసి పెట్టుకోవడం మేస్ తిప్పడం కంటే పెద్ద నేర్పు.

టెక్సస్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్ళ హైస్కూళ్ళలో ఈ పని రూపు వేరు. అక్కడ డ్రమ్ మేజర్ ఎత్తయిన మెట్ల పీట మీద నిలబడి రెండు చేతులతో తాళం చూపిస్తే, బ్యాండు ఫుట్‌బాల్ మైదానం మీద ఆకారాలు గీస్తుంది. ఎంపికకు ఆడిషన్ ఉంటుంది, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. కర్నూలులో పీఈటీ సారు చూపుడువేలు ఆ రెండు పనులూ చేస్తుంది.

వేడుక రోజున అన్నిటికంటే సున్నితమైన క్షణం జెండాది. ఆగస్టు 15న జెండా కిందినుంచి పైకి వెళ్ళి విచ్చుకుంటుంది. జనవరి 26న పైన కట్టి ఉంచిన మూటే విచ్చుకుంటుంది. జెండా విప్పారిన వెంటనే జాతీయ గీతం అందుకోవాలి, 52 సెకన్లలో ముగించాలి. తాడు లాగినా ముడి వీడకపోవడం బడుల్లో అరుదేమీ కాదు. అలాంటప్పుడు లీడరు చూపు ముఖ్య అతిథి చేతిమీద ఉంటే బ్యాండు ముందే అందుకుంటుంది, ముడిమీద ఉంటే ఆగుతుంది.

జనవరి 26 సాయంత్రం బూట్లు, ఉడుపులు తిరిగి ఇచ్చేస్తారు. లీడరు బ్యూగిళ్ళలోని తడి తుడిపించి, డ్రమ్ముల బిగింపు సడలించి, పుల్లలు జతలు లెక్కపెట్టి స్టోరు గదిలో పెట్టిస్తారు. ఆ ఏడు రెండో వరసలో నడిచిన ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకరికి ఫిబ్రవరిలోనే కర్ర ఇచ్చి, డ్రమ్ములు లేకుండా, ఖాళీ మైదానంలో నడిపించి చూస్తారు.