కిడ్నీ జబ్బు ఉంటే చికెన్ మానేయాలా? ముక్క కంటే షోర్బాతోనే ఎక్కువ జాగ్రత్త

క్రియాటినిన్ పెరిగిందని రిపోర్ట్ రాగానే ఇంట్లో రెండు రకాల సలహాలు మొదలవుతాయి. ‘ఇక గోష్ మొత్తం బంద్’ అంటారు ఒకరు. ‘నీరసంగా ఉన్నారు, చికెన్ షోర్బా తాగించండి’ అంటారు ఇంకొకరు. ఈ రెండింటితోనూ పేషెంట్‌కు నష్టం జరగొచ్చు.

చికెన్‌లోని ప్రొటీన్ శరీరానికి అవసరమే. కాకపోతే ప్రొటీన్ వాడుకున్నాక యూరియా లాంటి వ్యర్థాలు మిగులుతాయి. వాటిని బయటికి పంపాల్సింది కిడ్నీలే. అందుకే ఇక్కడ మానేయడం కాదు, కొలత ముఖ్యం.

ఎంత తినొచ్చు?

జబ్బు మూడో దశకు చేరి లేదా దాటి, ఇంకా డయాలసిస్ అవసరం రాని పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రొటీన్ అన్నది సాధారణ లెక్క. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఎముక లేని వండిన చికెన్ 100 గ్రాముల్లోనే 25 నుంచి 30 గ్రాములు ఉంటుంది. అన్నం, రొట్టె, పప్పు, పాలలోనూ ప్రొటీన్ ఉంటుంది కాబట్టి పూటకు రెండు చిన్న ముక్కలతో ఆపడం మంచిది.

డయాలసిస్ చేయించుకునేవాళ్ల లెక్క వేరు. ఆ ప్రక్రియలో కొంత ప్రొటీన్ పోతుంది. వాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. భయంతో చికెన్, గుడ్డు మానేస్తే కండ కరిగి ఇంకా నీరసపడతారు.

షోర్బాతో ఇబ్బంది ఏంటి?

మాంసం ఉడికేటప్పుడు పొటాషియం, కొంత ఫాస్ఫరస్ నీళ్లలోకి దిగుతాయి. మనం వేసిన ఉప్పూ అందులోనే ఉంటుంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి రావొచ్చు. నీళ్లు కొలిచి తాగాల్సిన డయాలసిస్ పేషెంట్‌కు గిన్నెడు షోర్బా కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తర్వాత తక్కువ మసాలాతో వండండి.

వంటింట్లో గుర్తుంచుకోవాల్సినవి

* ఉప్పు రోజంతటికీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు. ప్యాకెట్ మసాలా, సూప్ క్యూబ్, అచార్‌లో ఉన్నదీ ఇందులోనే లెక్క.
* ‘లో సోడియం’ ఉప్పు మంచిదనుకోవద్దు. చాలా వాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రుచికి మిరియాలు, వెల్లుల్లి, కొద్దిగా నిమ్మరసం వాడండి.
* నగ్గెట్స్, సాసేజ్‌ల లాంటి వాటిలో కలిపే ఫాస్ఫేట్ ఒంటికి త్వరగా పడుతుంది. ఇంట్లో వండిన తాజా చికెనే నయం. కలేజీలో ఫాస్ఫరస్ ఎక్కువ.
* ఈ జబ్బులో ఇన్ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. లోపల ఎర్రదనం లేకుండా పూర్తిగా ఉడికించాలి.

దావత్‌కు వెళ్తే?

కొంచెం బిర్యానీ, రెండు ముక్కలు చాలు. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేసిన మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ పక్కన పెట్టండి. వాటిలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి.

పైన చెప్పిన కొలతలు అందరికీ ఒకేలా సరిపోవు. షుగర్ ఉందా, పొటాషియం, ఫాస్ఫరస్ ఎంత ఉన్నాయన్న దాన్నిబట్టి మారతాయి. తాజా రిపోర్ట్ తీసుకెళ్లి కిడ్నీ డాక్టర్‌ని, డైటీషియన్‌ని ‘రోజుకు ఎన్ని ముక్కలు?’ అని సూటిగా అడగండి. వంట చేసేవాళ్లను కూడా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.