మధుమేహానికి పేగు హార్మోను మందులు: మన ఇళ్లలో తెలియవలసిన విషయాలు

జగిత్యాల, కోరుట్ల పట్టణాలలో ఎందరో స్త్రీలు చాట ఒడిలో ఉంచుకొని రోజంతా కూర్చొని బీడీలు చుడతారు. సిరిసిల్ల మరమగ్గాల వద్ద పని రాత్రుళ్లు కూడా సాగుతుంది. కదలిక లేని శ్రమ, నిద్ర లేని రాత్రులు మధుమేహానికి తోడ్పడేవే. దేశంలో మధుమేహ వ్యాధిగ్రస్తులు 10.1 కోట్ల మంది అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో వెల్లడించింది. అందుకే బరువునూ షుగరునూ తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి మనం సరిగా తెలుసుకోవాలి.

భోజనం పేగులలోకి చేరగానే అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, ఆకలిని తగ్గిస్తుంది. అయితే డీపీపీ-4 అనే ఎంజైము దానిని నిమిషాలలోనే నశింపజేస్తుంది. ఆ ఎంజైమును అడ్డుకునేవే సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ మాత్రలు. అంటే ఈ వైద్యం అనేకుల మందుల డబ్బాలో ఇదివరకే ఉన్నది.

ఇంజెక్షన్లది మరో మార్గం. ఒక ఎడారి బల్లి విషంలో లభించిన, త్వరగా నశించని పదార్థం ఆధారంగా ఎక్సెనటైడ్ రూపొందింది. 2005లో అమెరికా దానిని అనుమతించింది. దానిని బల్లి నుండి తీయరు, కృత్రిమంగా తయారుచేస్తారు. తరువాత వచ్చిన సెమాగ్లూటైడ్ మానవ హార్మోనుకే మార్పులు చేసి రూపొందించినది. వారానికి ఒకసారి తీసుకుంటే చాలు. 2021లో వెలువడిన పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. మన దేశంలో దాని పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. ఆపై ఇతర సంస్థలూ తయారుచేయవచ్చు గనుక ధర తగ్గే మార్గం ఏర్పడుతుంది.

ధర తగ్గడం మేలే. అయితే మందు మానితే తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. కనుక ఎంతకాలం కొనగలమో మొదటి ఇంజెక్షనుకు ముందే కుటుంబమంతా ఆలోచించుకోవాలి. గర్భం ధరించదలచిన స్త్రీలు రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపాలి. కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు, క్లోమం వాపు వచ్చినవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

రమజాన్ ఉపవాసాలు పాటించేవారు మరింత జాగ్రత్త వహించాలి. మందు మొదలుపెట్టిన తొలి వారాలలో వికారం, వాంతులు కలగవచ్చు. ఉపవాసంలో అవి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ కూడా వాడేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అందుచేత రమజాన్‌కు చాలా ముందుగానే వైద్యుణ్ణి కలిసి మోతాదులు సరిచేయించుకోవాలి. గల్ఫ్ నుండి వచ్చే బంధువుల చేత తెప్పించుకొని, సలహా లేకుండా వాడటం ఎంతమాత్రం తగదు. దేహం మనకు అప్పగించబడిన అమానతు. దాని సంరక్షణ మన బాధ్యత.