మైకు ముందు మౌనం

హరికథ చెప్పే దాసుగారిని చూడండి. గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పుకువచ్చిన మనిషి, సీతమ్మవారి కంట నీరు తిరిగిన చోట చిడతలు ఆపి క్షణకాలం ఊరుకుంటాడు. పందిట్లో ముసలమ్మలు కళ్ళు ఒత్తుకునేది అప్పుడే. ఆటలకు వ్యాఖ్యానం చెప్పేవారికి కూడా ఈ విద్య తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

నాకు ఈ సంగతి తెలిపినది క్రికెట్టు కాదు, అమెరికావారి బేస్‌బాల్. 2016 వేసవి సెలవులలో లాస్ ఏంజిలిస్‌లో మా తమ్ముడి ఇంట ఉన్నాను. ఆఫీసు నుంచి వచ్చినవాడు కారు దిగేవాడు కాడు. మరదలు గుమ్మంలోకి వచ్చి, "అన్నం చల్లారిపోతూంది!" అని రెండుసార్లు కేక వేయవలసిందే. కారులో రేడియో, రేడియోలో విన్ స్కల్లీ.

ఇంట్లో టెలివిజను లేక కాదు. ఆ ఊరి డాడ్జర్స్ జట్టు ఆటలు చూపే చానలుకూ, ఇళ్ళకు చానళ్ళు అందించే కంపెనీలకూ 2014లో డబ్బు దగ్గర పేచీ వచ్చింది. అది పూర్తిగా తీరేసరికి 2020 అయింది. అన్నాళ్ళూ ఊళ్ళో చాలా ఇళ్ళకు సొంత జట్టు ఆటే కరువు. స్కల్లీ చెప్పే మొదటి మూడు ఇన్నింగ్స్ మాత్రం రేడియోలో కూడా వచ్చేవి. వాటికోసమే మావాడి తపస్సు.

స్కల్లీ 1950లో బ్రూక్లిన్‌లో ఆరంభించి, 1958లో జట్టుతోపాటు లాస్ ఏంజిలిస్ చేరి, 2016 అక్టోబరు 2 వరకు 67 సీజన్లు చెప్పాడు. ఆయన గురువు రెడ్ బార్బర్. 1939లో పెద్ద జట్ల బేస్‌బాల్ మొదటిసారి టెలివిజనుకు ఎక్కినప్పుడు వ్యాఖ్యానం ఆయనదే. మన జట్టే గదా అని వెనకేసుకు రావద్దన్నది శిష్యుడికి ఆయన నేర్పిన పాఠం.

మూడు గంటల ఆటలో బంతి పరుగెత్తేది కొద్ది నిమిషాలే. మిగిలిన కాలమంతా వ్యాఖ్యాతది. ఆ కాలాన్ని స్కల్లీ ఒంటరిగా కూర్చుని, ఆటగాళ్ళ ఊళ్ళూ, పేర్లూ, చిన్ననాటి ముచ్చట్లతో నింపేవాడు. అంత మాటకారి ఎప్పుడు మానేవాడో చూడండి.

1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హాంక్ ఏరన్ తన 715వ హోమ్ రన్ కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సరు వంటిది. బేబ్ రూత్ పేరిట ఉన్న రికార్డును ఒక నల్లజాతివాడు దాటబోతున్నాడని, చంపుతామంటూ ఏరన్‌కు ఉత్తరాలు వచ్చిన రోజులవి. కొట్టించుకున్నది డాడ్జర్స్ జట్టు. అయినా స్కల్లీ నొచ్చుకోలేదు. జనఘోషను శ్రోతలకు వదిలి, తాను కాసేపు ఊరుకున్నాడు. ఆ తరువాతనే, దక్షిణాది గడ్డమీద ఒక నల్లజాతివాడికి జనమంతా లేచి నిలబడి జేజేలు కొడుతున్నారని, అది దేశానికే శుభఘడియ అని చెప్పాడు.

నేటి టెలివిజను సంగతి చూడండి. నలుగురు బల్ల చుట్టూ చేరి, ఒకరి మాటమీద ఒకరు పడి, సంత బేరం చేస్తారు. 2023 నుంచి బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టారు, కథలకు వ్యవధి ఏదీ అంటారు. వ్యవధి తగ్గితే మాట తగ్గాలిగాని, గొంతు పెరగడమెందుకు?

స్కల్లీ 2022 ఆగస్టు 2న, 94 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. ఈమధ్య ఫోనులో మరదలు చెప్పింది: "ఇప్పుడు మీ తమ్ముడు వేళకే అన్నం తింటున్నారు, బావగారూ! ఆటలన్నీ టెలివిజనులోనే వస్తున్నాయి. కాని శబ్దం తీసేసి చూస్తున్నారు."